క్లినికల్ ట్రయల్‌లో అసలేం జరుగుతుంది, అంత తతంగం ఎందుకు

ఫలానా మందు పనిచేస్తుందని మీకెలా తెలుసు అని ఎవరినడిగినా మామూలుగా వచ్చే జవాబు ఒకటే, మావాళ్లు ఒకరు వాడారండీ, తగ్గిపోయింది అని. ఇందులో అబద్ధమేమీ లేదు, వాడిందీ నిజమే, తగ్గిందీ నిజమే, కానీ వాడకపోతే ఏమయ్యేదో మాత్రం ఎవరూ చూళ్లేదు. ఒకే మనిషి ఒకే టైంలో మందు వేసుకుని ఒకసారి, వేసుకోకుండా ఒకసారి బతికి చూపించలేడు కదా. క్లినికల్ ట్రయల్ అనే ఇంత పెద్ద వ్యవహారం, వేలమంది పేషెంట్లు, ఏళ్లకేళ్లు, బోలెడంత డబ్బు, ఇదంతా ఆ చూడని సగాన్ని ఎలాగోలా చూడ్డానికే.

జలుబు చేస్తే దానంతటదే పోతుంది, మధ్యలో మూడోరోజు ఏం మింగితే క్రెడిట్ దానికే. నడుం నొప్పి, మైగ్రేన్, కీళ్ల నొప్పులు, ఎలర్జీలు, ఇవన్నీ ఎక్కువవుతూ తక్కువవుతూ ఉండేవి, మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది మరీ భరించలేని రోజున, అంటే అక్కడినుంచి ఇంకా పెరగడం కంటే తగ్గే ఛాన్సే ఎక్కువున్న రోజున. స్టాటిస్టిక్స్‌వాళ్లు దీన్ని రిగ్రెషన్ టు ద మీన్ అంటారు, పేరు భయపెడుతుంది గానీ విషయం ఇంతే. దీనికి తోడు మనల్ని ఎవరో పట్టించుకుంటున్నారు, మందు పడింది అన్న నమ్మకంతోనే నొప్పి, వికారం, నీరసం లాంటివి కొంత నెమ్మదిస్తాయి. ఇంకోటేంటంటే తగ్గినవాళ్లు మళ్లీ వచ్చి చెప్తారు, తగ్గనివాళ్లు ఇంకో డాక్టర్ని వెతుక్కుంటారు, చనిపోయినవాళ్లు చెప్పడానికి ఉండరు. ముప్పై ఏళ్ల అనుభవమున్న డాక్టరైనా సరే తన కళ్లతో చూసేది ఈ జల్లెడలో మిగిలినవాళ్లనే.

సరే, ఇది జలుబుల సంగతి, పెద్ద జబ్బుల్లో డాక్టర్లు అంత తేలిగ్గా మోసపోతారా అనుకోవచ్చు. మోసపోయారు, అదీ చాలా ఘోరంగా. 1980ల్లో హార్ట్ ఎటాక్ వచ్చి బయటపడినవాళ్లలో చాలామందికి గుండె మధ్యమధ్యలో లయ తప్పి అదనంగా కొట్టుకునేది, అలా కొట్టుకునేవాళ్లు హఠాత్తుగా చనిపోయే రిస్క్ ఎక్కువని తెలుసు, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ అదనపు బీట్స్‌ని చక్కగా అణిచేస్తాయనీ తెలుసు, ఈసీజీలో కళ్లెదురుగా కనపడుతుంది కూడా. ఇంక అనుమానం ఏముంటుంది, బీట్స్ తగ్గితే చావులు తగ్గాలి. చాలామంది డాక్టర్లు రాసేవాళ్లు కూడా. అయినా కొందరు పట్టుబట్టి క్యాస్ట్ అనే ట్రయల్ పెట్టారు. అందులో జాగ్రత్త చూడండి, ముందు పేషెంట్లకి ఈ మందులిచ్చి చూసి, ఎవరికైతే బీట్స్ నిజంగా తగ్గాయో వాళ్లనే ట్రయల్‌లోకి తీసుకున్నారు, అంటే మందుకి ఎంత అనుకూలంగా ఉండాలో అంత అనుకూలంగా. తర్వాత లాటరీ పద్ధతిలో సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. సగటున 10 నెలలు గడిచేసరికి మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది.

అంటే బీట్స్ తగ్గాయి, చావులు మాత్రం రెట్టింపు దాటాయి. ఈ విషయం ట్రయల్ లేకుండా బయటపడేదా అంటే నాకైతే నమ్మకం లేదు, ఎందుకంటే గుండెజబ్బు పేషెంట్ చనిపోతే ఎవరూ ఆశ్చర్యపోరు, పాపం చేయగలిగిందంతా చేశాం అనుకుంటారు. వందలో ఎనిమిదిమంది పోతున్నారా, మూడున్నరమందా అనేది ఒక్క క్లినిక్‌లో కూర్చున్న డాక్టర్‌కి ఎప్పటికీ కనపడని తేడా. పక్కన పోల్చుకోవడానికి ఇంకో గ్రూప్ ఉంటేనే అది కనపడుతుంది. అందుకే ఏ ట్రయల్ గురించి విన్నా నేను మొదట అడిగేది, దేనితో పోలిస్తే, అని. మిగతావన్నీ ఈ ప్రశ్నకి పిల్లలే.

పోల్చడానికి రెండు గ్రూపులు కావాలి, బాగానే ఉంది, మరి ఎవరు ఏ గ్రూప్‌లోకి వెళ్లాలో డాక్టర్నే తేల్చమంటే? మంచి మనసున్న డాక్టర్ బాగా జబ్బుగా ఉన్నవాళ్లకి కొత్త మందు ఇద్దామనుకుంటాడు, ఇంకొకాయన తట్టుకోగలిగిన గట్టివాళ్లకే ఇద్దామనుకుంటాడు, ఎటైనా సరే రెండు గ్రూపులు మొదట్నుంచే వేరువేరు మనుషులు అయిపోతారు. పేషెంట్లనే ఎంచుకోమన్నా అంతే. మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు వాడే ఆడవాళ్లకి గుండెజబ్బులు తక్కువ అని ఏళ్లతరబడి పరిశీలనల్లో తేలుతూ వచ్చింది, కానీ అలా వాడేవాళ్లు చాలావరకు కాస్త డబ్బున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఆరోగ్యం మీద ముందునుంచే శ్రద్ధ ఉన్నవాళ్లు. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద ట్రయల్‌లో 16,608 మందిని లాటరీ వేసి రెండు గ్రూపులు చేసి చూస్తే గుండెకి రక్షణ సంగతి దేవుడెరుగు, గుండెపోట్లు, స్ట్రోక్‌లు, రొమ్ము క్యాన్సర్ కాస్త పెరిగాయి, 2002లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు.

లాటరీ అంటే చాలామందికి చిరాకేస్తుంది, మనుషుల ప్రాణాలతో నాణెం ఎగరేస్తారా అని. కానీ ఆ నాణెం చేసే పని ఇంకెవరూ చెయ్యలేరు. వయసు, బరువు, బీపీ లాంటివైతే మనమే చూసి రెండువైపులా సమానంగా సర్దొచ్చు, కానీ మనకి ఇంకా తెలియని కారణాలు, ఏ జీన్ వల్లో ఏ అలవాటు వల్లో వచ్చే తేడాలు, వాటిని ఎవరు సర్దుతారు? తగినంతమంది ఉంటే లాటరీ వాటిని కూడా రెండువైపులా దాదాపు సమానంగా పంచేస్తుంది, మనకి వాటి పేర్లు కూడా తెలియక్కర్లేదు. దీన్నే రాండమైజేషన్ అంటారు.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది 1948లో రిజల్ట్స్ వచ్చిన బ్రిటన్ స్ట్రెప్టోమైసిన్ ట్రయల్. టీబీకి కొత్త మందు, యుద్ధం తర్వాత రోజులు, బ్రిటన్ చేతిలో ఉన్న మందు అందరికీ సరిపోదు, ఎలాగూ కొందరికే ఇవ్వగలం కాబట్టి ఆ కొందర్ని లాటరీతో ఎంచుకుంటే అటు న్యాయమూ, ఇటు నిజమూ రెండూ దక్కుతాయి అని ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే స్టాటిస్టిషియన్ ప్లాన్ వేశాడు. 107 మంది పేషెంట్లు, 55 మందికి మందు ప్లస్ బెడ్ రెస్ట్, 52 మందికి బెడ్ రెస్ట్ మాత్రమే, అప్పట్లో ఉన్న ట్రీట్‌మెంట్ అదే మరి. ఎవరికి ఏది వచ్చిందో సీల్ వేసిన కవర్లలో పెట్టారు, పేషెంట్‌ని తీసుకోవాలని డిసైడ్ అయ్యాకే కవర్ తెరవాలి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ చాలా ముఖ్యం, తర్వాత వచ్చే చీటీ ఏదో ముందే తెలిస్తే డాక్టర్ తెలియకుండానే ఈ పేషెంట్ వద్దులే, రేపు చూద్దాం అంటాడు, లాటరీ అక్కడే చచ్చిపోతుంది. ఎక్స్‌రేలు చూసేవాళ్లకి కూడా అది ఏ గ్రూప్ వాళ్లదో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు గ్రూప్‌లో 4 మంది, రెండోవైపు 14 మంది చనిపోయారు. అదే ట్రయల్‌లో ఇంకో విషయం కూడా బయటపడింది, మొదట్లో బాగా కోలుకున్న కొందరు మళ్లీ దిగజారారు, క్రిమి మందుకి అలవాటుపడి లొంగడం మానేసింది. టీబీకి ఒక్క మందు కాకుండా రెండుమూడు కలిపి ఇవ్వాలన్న దారి అక్కడినుంచే మొదలైంది.

ఎక్స్‌రేలు చూసేవాళ్లకి చెప్పకపోవడం, అదే బ్లైండింగ్. పేషెంట్‌కీ తెలియదు, ట్రీట్ చేసే డాక్టర్‌కీ తెలియదు అంటే డబుల్ బ్లైండ్. చావు, బతుకు లాంటివాటిల్లో దీని అవసరం కాస్త తక్కువ, పోయాడా లేదా అన్నదాంట్లో అభిప్రాయభేదం ఉండదు. నొప్పి, నిద్ర, మూడ్, నడవగలుగుతున్నారా లాంటివి కొలిచేటప్పుడు మాత్రం బ్లైండింగ్ లేని రిజల్ట్‌ని నేను సగమే నమ్ముతాను. మందులకే కాదు ఆపరేషన్లకి కూడా ఇది చేశారు. మోకాలి అరుగుదలకి చిన్న రంధ్రం చేసి లోపల కడిగి, గరుకుగా ఉన్నదాన్ని గీకి శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీ ఒకప్పుడు తెగ చేసేవాళ్లు, చేయించుకున్నవాళ్లు హాయిగా ఉందనేవాళ్లు. 2002లో అమెరికాలో 180 మందితో ఒక ట్రయల్ వచ్చింది, కొందరికి గీకారు, కొందరికి కడిగారు, మిగతావాళ్లకి చర్మం మీద కోతలు పెట్టి ఆపరేషన్ చేస్తున్నట్టే నటించి కుట్లేశారు, అదీ పేషెంట్లు ముందే ఒప్పుకున్నాక. రెండేళ్ల పాటు చూస్తే మూడు గ్రూపులకీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరికీ కాస్త తగ్గింది, ఉత్తుత్తి ఆపరేషన్ వాళ్లతో సహా. సర్జన్ హస్తవాసి గొప్పదే అయ్యుండొచ్చు, కానీ లోపల చేసిన పనికి ఆ తగ్గడంతో పెద్దగా సంబంధం లేదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఈ ఉత్తుత్తి మాత్రనే ప్లేసిబో అంటారు, ప్లేసిబో అంటే జబ్బుతో ఉన్న మనిషిని మోసం చేసి పంచదార బిళ్లతో వదిలేయడం అనుకుంటారు చాలామంది. ఒకటి, ప్లేసిబో వచ్చే అవకాశం ఉందని సంతకానికి ముందే చెప్పాలి. రెండు, మంచి ట్రీట్‌మెంట్ ఇప్పటికే ఉన్న సీరియస్ జబ్బుకి మామూలుగా ప్లేసిబో ఒక్కటే ఇవ్వకూడదు, పాత మందుతో కొత్త మందుని పోల్చాలి, లేదా అందరికీ పాత మందు ఇస్తూనే దానిపైన ఒకరికి కొత్తది, ఇంకొకరికి ప్లేసిబో. క్యాన్సర్ ట్రయల్స్‌లో ఎక్కువగా నడిచేది ఇలాగే.

ఫేజులు ఒకటి రెండు మూడు నాలుగు అంటుంటారు, ఆ సంగతి త్వరగా చెప్పేస్తా. మొదటి ఫేజ్‌లో కొద్దిమంది, ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లు, ఎంత డోస్ వరకు ఒంటికి పడుతుందో చూడ్డానికి, క్యాన్సర్ మందులైతే పేషెంట్లతోనే. రెండో ఫేజ్‌లో వందమందో కొన్ని వందలమందో పేషెంట్లు, పనిచేసే సూచనలున్నాయా, సరైన డోస్ ఎంత అని. మూడోది అసలు పరీక్ష, వందల నుంచి వేలమంది, ఇప్పటిదాకా చెప్పుకున్న లాటరీలు, బ్లైండింగ్‌లు పూర్తిస్థాయిలో ఉండేది ఇక్కడ. నాలుగోది మార్కెట్లోకి వచ్చాక. మొదటి ఫేజ్‌లో అడుగుపెట్టిన మందుల్లో చివరికి అనుమతి దాకా వచ్చేవి సుమారు పదింటిలో ఒకటి, కాబట్టి ఫేజ్ వన్‌లో అద్భుతం అనే వార్త చూస్తే వెంటనే పండగ చేసుకోవద్దు.

ఫేజ్ వన్ అంటే అన్నిట్లోకీ సేఫ్ అనుకోవడం కూడా తప్పే. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్ 1412 అనే యాంటీబాడీని మొట్టమొదటిసారి మనుషుల మీద పరీక్షించారు, ఎనిమిదిమంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, ఆరుగురికి మందు, ఇద్దరికి ప్లేసిబో. జంతువుల్లో సేఫ్ అనుకున్న డోస్‌లో 500వ వంతే ఇచ్చారు, అయినా మందు ఎక్కిన ఆరుగురికీ గంటల్లోనే ఇమ్యూన్ సిస్టమ్ అదుపు తప్పి అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు, ప్రాణాలైతే దక్కాయి. తర్వాత అందరికీ వచ్చిన కోపం ఏంటంటే, ఒకరికిచ్చి ఏమవుతుందో ఆగి చూడకుండా నిమిషాల తేడాతో వరసగా అందరికీ ఎక్కించేశారు. ఇప్పుడు అలాంటి కొత్తరకం మందులకి ముందు ఒక్కరికిచ్చి, ఆగి, అప్పుడు మిగతావాళ్లకి ఇస్తారు.

మళ్లీ మన ప్రశ్నకొద్దాం, దేనితో పోలిస్తే. మూడో ఫేజ్‌లో కూడా ఇది ఎంత తికమక పెడుతుందో చూడాలంటే రోఫెకాక్సిబ్ కథ చూడాలి, బ్రాండ్ పేరు వయాక్స్, మెర్క్ కంపెనీ నొప్పిమందు, 1999లో వచ్చింది. కడుపులో అల్సర్లు, రక్తస్రావం తక్కువ చేస్తుందని దాని గొప్ప. నిరూపించడానికి 8,000 మందికి పైగా కీళ్లవాతం పేషెంట్లతో ట్రయల్ పెట్టి న్యాప్రాక్సెన్ అనే పాత నొప్పిమందుతో పోల్చారు. కడుపు సమస్యలు నిజంగానే సగానికి తగ్గాయి, కానీ వయాక్స్ గ్రూప్‌లో గుండెపోట్లు నాలుగైదు రెట్లు ఎక్కువ. ప్లేసిబో గ్రూప్ లేదు కదా, కాబట్టి దీనికి రెండు అర్థాలు తియ్యొచ్చు, కొత్త మందు గుండెని దెబ్బతీస్తోంది, లేదా పాత మందు గుండెని కాపాడుతోంది. కంపెనీ రెండో అర్థమే చెప్పుకుంటూ వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, పేగుల్లో పాలిప్స్ అనే చిన్న గడ్డలు మళ్లీ రాకుండా ఆపుతుందేమో అని పెట్టిన ఇంకో ట్రయల్‌లో ఈసారి ప్లేసిబోతో పోలిస్తే, గుండెపోటు, స్ట్రోక్ లాంటివి సుమారు రెట్టింపు. 2004 సెప్టెంబర్‌లో మందుని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. ఈ నాలుగేళ్లలో దాన్ని వాడినవాళ్లు కోట్లలో ఉన్నారు.

దేనితో పోల్చారో అడిగాక, ఏం కొలిచారు అని అడగాలి. క్యాస్ట్‌లో మోసం చేసింది ఇదే, బీట్స్ కొలవడం తేలిక, చావులు లెక్కపెట్టాలంటే చాలామందీ, చాలాకాలమూ కావాలి. షుగర్ లెవెల్, కొలెస్ట్రాల్, ట్యూమర్ సైజు, ఎముక సాంద్రత, ఇవన్నీ అసలు విషయానికి బదులుగా కొలిచేవి, సరోగేట్ అంటారు. కొన్ని బాగా నమ్మదగ్గవి, బీపీ తగ్గిస్తే స్ట్రోక్‌లు తగ్గుతాయని ఎన్నోసార్లు తేలింది. కొన్ని కాదు. బెవాసిజుమాబ్ అనే మందుని ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో అనుమతించింది, జబ్బు పెరగకుండా కొన్ని నెలలు ఆగుతోందని, తర్వాతి ట్రయల్స్‌లో ఆ తేడా చిక్కిపోయింది, పేషెంట్లు ఎక్కువకాలం బతికిందీ లేదు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం గట్టిగా ఉన్నాయి, 2011లో ఆ అనుమతి రద్దు చేశారు. వేరే క్యాన్సర్లకి ఆ మందు ఇప్పటికీ ఉంది.

అంకెల గారడీ ఇంకొకటుంది, పేపర్లలో రోజూ కనపడేది. పైన చెప్పిన హార్మోన్ల ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగింది అని హెడ్‌లైన్. వింటే గుండె ఆగుతుంది, వందలో 26 మందికి వచ్చేసిందేమో అనిపిస్తుంది. అసలు లెక్క ఏంటంటే, 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి ప్లేసిబో వైపు 30 మందికి, మాత్ర వైపు 38 మందికి. పెరిగింది 8 మంది. రెండూ నిజాలే, కానీ నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి పనికొచ్చేది రెండోది. మందు గొప్పగా చూపించాలన్నప్పుడు ఈ శాతాన్నే వాడతారు, సైడ్ ఎఫెక్ట్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 10,000లో 8 మందే కదా అంటారు, ఒకే పేజీలో రెండు కొలబద్దలు పెట్టుకున్నవాళ్లని కూడా చూడొచ్చు.

ఇంకో రకం మోసం, మొత్తం మీద పనిచెయ్యకపోతే పేషెంట్లని ముక్కలు ముక్కలుగా విడదీసి ఏదో ఒక ముక్కలో పనిచేసిందని చూపించడం. ఆడవాళ్లలో పనిచేసింది, అరవై దాటినవాళ్లలో పనిచేసింది, ఇలా ఇరవై రకాలుగా కోస్తే ఏదో ఒకదాంట్లో అదృష్టవశాత్తూ తేడా కనపడక తప్పదు. దీన్ని వెక్కిరించడానికే 1988లో వచ్చిన ఐసిస్-2 అనే ట్రయల్ వాళ్లు భలే పని చేశారు. గుండెపోటు వచ్చిన 17,187 మందితో చేసిన ట్రయల్ అది, ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్లు ఆస్పిరిన్ వైపు 9.4 శాతం, ప్లేసిబో వైపు 11.8 శాతం, అనుమానానికి తావులేని లాభం. అప్పుడు పేషెంట్లని పుట్టిన రాశుల ప్రకారం విడదీసి చూపించారు, మిథున, తుల రాశులవాళ్లకి ఆస్పిరిన్ పనిచెయ్యలేదు సరికదా కాస్త నష్టం చేసినట్టు కనపడింది. పేరున్న మెడికల్ జర్నల్‌లో రాశిఫలాలు అచ్చయిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

మధ్యలో మందు మానేసినవాళ్లని ఏం చెయ్యాలి అనేది కూడా చాలామంది తప్పుగా ఆలోచించే చోటు. మందు సరిగ్గా వేసుకోనివాళ్లని లెక్కలోంచి తీసేస్తే పోదా అనిపిస్తుంది, న్యాయంగా కూడా అనిపిస్తుంది. అమెరికాలో కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అని ఒక ట్రయల్ జరిగింది, క్లోఫైబ్రేట్ అనే కొలెస్ట్రాల్ మందు మీద. మందు క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో 15 శాతం చనిపోయారు, ఎగ్గొట్టినవాళ్లలో దాదాపు 25 శాతం. ఆహా మందు పనిచేసింది అనేలోపు రెండోవైపు చూశారు, ఉత్తుత్తి మాత్ర క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లలో కూడా 15 శాతమే, ఎగ్గొట్టినవాళ్లలో 28 శాతం. ఏమీ లేని మాత్రని బుద్ధిగా వేసుకోవడం ప్రాణాలు కాపాడదు, బుద్ధిగా మాత్ర వేసుకునే మనిషి మిగతా విషయాల్లో కూడా వేరేగా బతుకుతాడు, అంతే. అందుకే ఎవరు ఏ గ్రూప్‌లో పడ్డారో చివరిదాకా ఆ గ్రూప్ లెక్కలోనే, వేసుకున్నా వేసుకోకపోయినా. ఇంటెన్షన్ టు ట్రీట్ అని చదివితే దానర్థం ఇదే, ఆ లెక్క ఇవ్వకుండా పూర్తిగా వాడినవాళ్ల లెక్క మాత్రమే ఇచ్చే రిపోర్ట్‌ని కాస్త దూరంపెట్టి చదవండి.

ఇవన్నీ అచ్చయిన ట్రయల్స్ సంగతి, మరి అచ్చు కానివి? 2008లో కొందరు రిసెర్చర్లు డిప్రెషన్ మందుల కోసం ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టరైన 74 స్టడీలు బయటికి తీసి, జర్నల్స్‌లో వచ్చినవాటితో సరిపోల్చారు. ఎఫ్‌డీఏ లెక్కలో మందు పనిచేసిందని తేలినవి 38, వాటిలో 37 అచ్చయ్యాయి. పనిచేసిందని తేలనివి 36, వాటిలో 22 అసలు అచ్చే కాలేదు, 11 అచ్చయ్యాయి గానీ పనిచేసిందన్నట్టు రాశారు, ఉన్నదున్నట్టు వచ్చినవి మూడు. జర్నల్స్ మాత్రమే చదివే డాక్టర్‌కి ఈ మందులు దాదాపు ఎప్పుడూ ఫెయిల్ కావు అనిపిస్తుంది, అసలు లెక్కలో సగం సగం. డాక్టర్ తప్పు ఏముంది చెప్పండి. ఆ మందులు పనికిరానివి అని కాదు, అన్ని స్టడీలూ కలిపితే ప్లేసిబో కంటే మెరుగే, కానీ జర్నల్స్ చెప్పినంత కాదు. దీనికి విరుగుడుగా వచ్చిందే రిజిస్ట్రేషన్, మొదటి పేషెంట్ చేరకముందే ఏం కొలవబోతున్నాం, ఎంతమందిలో, ఎంతకాలం అని పబ్లిక్ రిజిస్ట్రీలో రాసిపెట్టాలి, 2005 నుంచి పెద్ద జర్నల్స్ ఎడిటర్లు అలా రిజిస్టర్ చెయ్యని ట్రయల్‌ని వేసుకోం అన్నారు. ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు, ముందు చావులు కొలుస్తాం అని రాసి చివర్లో నడక దూరం గురించి గొప్పలు చెప్తున్నారా అని. అయినా రిజల్ట్స్ పెట్టకుండా నాన్చేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ జబ్బు పూర్తిగా తగ్గలేదు.

ఇందులో పాల్గొనే మనుషుల గురించి. అమెరికాలో టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖే సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లని, ట్రీట్‌మెంట్ ఇస్తున్నామని నమ్మించి, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది మందుని పరీక్షించే ట్రయల్ కూడా కాదు, కానీ రిసెర్చ్ అంటే జనానికున్న భయానికి అలాంటివే మూలం, ఆ భయం అర్థం లేనిది కాదు. 1947లో న్యూరెంబర్గ్ కోడ్, 1964లో హెల్సింకి డిక్లరేషన్ వచ్చి మనిషి తెలిసి ఒప్పుకోవాలి, ఎప్పుడైనా తప్పుకోవచ్చు అన్న రూల్స్ పెట్టాయి. ట్రయల్‌తో సంబంధంలేని ఎథిక్స్ కమిటీ ముందే చదివి ఒప్పుకోవాలి, పెద్ద ట్రయల్స్‌లో ఇంకో ఇండిపెండెంట్ కమిటీ మధ్యమధ్యలో గ్రూపులు విప్పి చూస్తుంది, ఒకవైపు జనం ఎక్కువగా చనిపోతుంటే ఆపమంటుంది. క్యాస్ట్‌ని 1989లో ఆపించింది అలాంటి కమిటీనే.

మీకో మీవాళ్లకో ట్రయల్‌లో చేరమని ఎవరైనా అడిగితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ట్రయల్ ఉన్నది మీకు ట్రీట్‌మెంట్ ఇవ్వడానికి కాదు, ఒక ప్రశ్నకి జవాబు తెలుసుకోడానికి. ఈ తేడా చాలా ఫారాల్లో ముప్పై పేజీల మధ్య ఎక్కడో ఉంటుంది. కొత్త మందే మీకొస్తుందన్న గ్యారంటీ లేదు, వచ్చినా అది పాతదానికంటే మంచిదన్న గ్యారంటీ లేదు, అది తెలిస్తే ట్రయలే అక్కర్లేదు కదా. రెండో గ్రూప్‌లో పడితే ఏమిస్తారు, చేరకపోతే మామూలుగా దొరికే ట్రీట్‌మెంట్ ఏంటి, ఎన్నిసార్లు రావాలి, ఎన్ని రక్తపరీక్షలు, ఏదైనా తేడా జరిగితే ఖర్చు ఎవరిది, పనిచేస్తే ట్రయల్ అయ్యాక కూడా మందు ఇస్తారా, ఇవి నోరు తెరిచి అడగాలి. అడిగితే విసుక్కునే చోట సంతకం పెట్టక్కర్లేదు. అలాగని ట్రయల్ అనగానే గినీ పిగ్ చేస్తారని పారిపోనూ అక్కర్లేదు, దగ్గరుండి చూసే శ్రద్ధ కొన్నిసార్లు బయటకంటే అక్కడే ఎక్కువ.

చివరిగా, రిజల్ట్ నిజమే అయినా అది ఎవరికి వర్తిస్తుంది అనేది ఇంకో ప్రశ్న. ముసలివాళ్లు, గర్భిణులు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు, నాలుగైదు జబ్బులు కలిసున్నవాళ్లని చాలా ట్రయల్స్ తీసుకోవు, బయట మందు వాడేది మాత్రం ఎక్కువగా వాళ్లే. 2018లో ఒక బ్రిటిష్ జర్నల్‌లో సరదాకి నిజంగానే ఒక ట్రయల్ వేశారు, విమానంలోంచి దూకేటప్పుడు పారాచూట్ ప్రాణం కాపాడుతుందా అని, 23 మందిని లాటరీ వేసి కొందరికి పారాచూట్, కొందరికి ఖాళీ బ్యాగ్ తగిలించి దూకించారు. రెండు గ్రూపులకీ తేడా లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎందుకంటే ఆ విమానం నేలమీదే ఆగి ఉంది, దూకిన ఎత్తు అరమీటరు కంటే కాస్త ఎక్కువ. నిజంగా ఎత్తులో ఎగిరే విమానంలో అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు మరి.

సీరియస్‌గా ఇదే విషయం కోవిడ్‌లో చూశాం. బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ పెట్టారు, ఫారాలు వీలైనంత చిన్నవి చేసి, మామూలు హాస్పిటళ్లలోనే, వచ్చిన పేషెంట్లని వచ్చినట్టే లాటరీలోకి తీసుకుంటూ. ప్రపంచమంతా ఎగబడి వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచెయ్యదని వాళ్లు తేల్చారు, 28 రోజుల్లో చనిపోయింది మందు వైపు 27 శాతం, మామూలు వైద్యం వైపు 25 శాతం. అదే 2020 జూన్‌లో డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని చెప్పారు, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావులు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కి. హెడ్‌లైన్లలో వచ్చింది ఇంతవరకే. ఆక్సిజన్ అవసరంలేనివాళ్ల లెక్క కూడా అందులోనే ఉంది, మందు వైపు 17.8, మందు లేనివైపు 14. లాభం లేదు, మొగ్గితే నష్టం వైపే మొగ్గింది. రాశుల కథ చెప్పి మళ్లీ ముక్కలు చేస్తున్నావేంటి అంటారేమో, ఇవి రిజల్ట్ చూశాక కోసిన ముక్కలు కాదు, ముందే రాసిపెట్టుకున్నవి, పైగా జబ్బు ముదిరేకొద్దీ లాభం పెరుగుతూ పోవడానికి కారణం కూడా అర్థమవుతుంది, ముదిరాక ఊపిరితిత్తుల్ని పాడుచేసేది సొంత ఇమ్యూన్ సిస్టమే, దాన్ని స్టెరాయిడ్ అణుస్తుంది, మొదటిరోజుల్లో వైరస్‌తో పోరాడేదీ అదే ఇమ్యూన్ సిస్టమ్. జ్వరం వచ్చిన మొదటిరోజే ఇంట్లో కూర్చుని స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినవాళ్లంతా ఆ లెక్కలో మూడో గ్రూప్ లాంటివాళ్లే.